సందు లేని ప్లేటు

నాయన మొదటి సంవత్సరీకానికి బేతంచెర్ల పోయినప్పుడు షెడ్డులో పాలిష్ మిషను లేదు. అది నిలబడిన చోట నాలుగు బోల్టు గుంతలు, వాటిల్లో మురిగిన నీళ్లు. "పాత ఇనుము గుజరీవాళ్లకు ఇచ్చేసినా మే, పోయిన నెలనే," అన్నాడు మా అన్న శీనయ్య, పాత చెప్పులు పారేసిన మాట చెప్పినట్టు. నేను సరేలే అన్నాను. నాకు ఏమీ అనిపించలేదు. ఈ మధ్య నాకు ఏ విషయంలోనూ ఏమీ అనిపించడం లేదు; అదేమన్నా జబ్బేమో కనుక్కోవాల అనుకుంటాను, కడపకు పోయి బడిలో పడినాక మర్చిపోతాను. ఆ పొద్దు అయ్యవారు ఇంకా రాలేదు. వంటామె గారెల పప్పు నానలేదని సణుగుతాంది. చేసే పని లేక షెడ్డులోనే ఒక బండ మీద కూర్చున్నాను. అట్ల కూర్చుంటే మా అన్న కారు జ్ఞాపకానికి వచ్చింది, కారు వెంట నాయన మీద కోపమూ వచ్చింది. ఆయన పోయి ఏడాదైనా అది మాత్రం పోలేదు. ఆ కారు కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కి ఉంటే మా అన్న బతుకు ఇంకోలా ఉండేది. ఎక్కలేదు. ఎక్కకుండా చేసింది నాయనేనని నేను ఇన్నేండ్లూ నమ్మినాను.

అప్పట్లో మా ఇల్లూ ఫ్యాక్టరీ ఒకే కాంపౌండు. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. రేకుల షెడ్లు రెండు, రాయి కోసే మిషను ఒకటి, పాలిష్ పట్టే మిషను ఒకటి, పనోళ్లు కొందరు. రోడ్డు వైపు బండలు అమ్మే కొట్టు. బేతంచెర్లలో పుట్టినవాళ్లకు తెల్లదుమ్ము సంగతి చెప్పే పని లేదు, మిగతావాళ్లకు చెప్పినా నమ్మరు. మా ఇంట్లో పెరుగు మీద మీగడ కంటే ముందు దుమ్ము తేలేది. అమ్మ చేతిలో తడిగుడ్డ ఎప్పుడూ ఉండేది; మాట్లాడుతా తుడిచేది, తిడతా తుడిచేది, ఫలానా చుట్టం చచ్చిపోయినాడని ఫోనొస్తే ముందు ఫోను తుడిచి తర్వాత ఏడ్చేది. పొద్దున్నే కోత మిషను మొదలైతే తడిరాయి వాసన వంటింటిదాకా వచ్చేది. తొలకరికి లేచే మట్టి వాసన గురించి మా బడిలో పిల్లోళ్లు వ్యాసాలు రాస్తారు. మాకు ఏడాది పొడుగునా పొద్దున్నే అట్లాంటి వాసనే, మొహం మొత్తింది. ఆ వాసనలోనే అమ్మ బొరుగులు తడిపి ఉగ్గానికి తాలింపు పెట్టేది, పనోళ్లకూ మాకూ ఒకే గిన్నెలో. దాంట్లోకి మిరపకాయ బజ్జీలు కూడా వేసిందంటే నాయనకు పెద్ద ఆర్డరు తగిలిందని అర్థం.

నాయనను ఊళ్లో బండల శెట్టి అనేవాళ్లు. ఆయనకు లోకంలో శత్రువు ఒక్కటే, సందు. రెండు బండలు పక్కపక్కన పరిస్తే మధ్యలో సందు కనపడకూడదు. చొక్కా జేబులో సగం బ్లేడు, కాగితంలో చుట్టి పెట్టుకొని తిరిగేవాడు. తన బండలు పరిచిన ఇంటికి పోయి, గొంతుక్కూర్చొని, రెంటి మధ్య ఆ బ్లేడు దూర్చి చూస్తాడు. దూరిందా, మేస్త్రీ పని అయిపోయినట్టే. పరిచినవి పెరికి మళ్లీ పరవాల్సిందే. పెండ్లిళ్లకు పోయినా అదే బుద్ధి. అందరూ అక్షింతలు వేస్తాంటే ఈయన కల్యాణమండపం నేల చూస్తా ఉంటాడు. నాకు కడప సంబంధం వచ్చినప్పుడు ముందు ఆయనే పోయి పిల్లగాణ్ణి చూసి వచ్చినాడు. "ఎట్లుండాడు?" అని అమ్మ ఆత్రంగా అడిగితే, "హాల్లో బండలు బాగా పరిసినారు," అన్నాడు. పిల్లగాని ముక్కూ మొహం ఎట్లుంటాయో పెండ్లిచూపుల దాకా మాకు తెలీదు.

మా అన్న నాకంటే నాలుగేండ్లు పెద్ద. కర్నూల్లో డిప్లొమా చదివి వచ్చినాడు. కొట్లో కూర్చోమంటే కూర్చోడు, మా వెనక వీధిలో ఖాదర్ మామ వెల్డింగు షాపులో కూర్చుంటాడు. ఖాదర్ మామ నాయనకు చిన్నప్పటి స్నేహితుడు. రంజానుకు సేమ్యా వాళ్లింటి నుంచి, ఉగాదికి ఓళిగలు మా ఇంటి నుంచి. ఆ షాపులో కూర్చొని కూర్చొని అన్న ఒకనాడు హైదరాబాదులో ఎవరి షెడ్డులోనో పడి ఉన్న పాత ఫారిన్ కారును లారీ మీద వేయించుకొని తెచ్చినాడు. పొడుగు ముక్కు కారు. ముక్కు ఎందుకంత పొడుగంటే, దాంట్లో ఆరు సిలిండర్లు ఒకదాని వెనక ఒకటి వరసగా ఉన్నాయంట. డీజిల్ ఇంజను. నడిచేది గాని, దానికంటే ఎద్దులబండి మేలు. టర్బో పెడితే ఎగిరి దూకుతాదని అన్న పట్టుదల. టర్బో అంటే ఏందో నాకు వంటింటి గడపలో కూర్చొని చెప్పినాడు. "పొగ ఊరికే బయటికి పోతాండాది కదా మే. ఆ పొగతోనే ఒక చక్రం తిప్పితే, అది గాలిని ఇంజను లోపలికి నూకుతాది. గాలి ఎక్కువైతే బలం ఎక్కువ." "పొయ్యి ఊదినట్టు," అన్నాను. "అట్లే అనుకో," అన్నాడు, నా తలకాయకు అంతకంటే ఎక్కదని తీర్మానించుకొని.

ఆరు సిలిండర్ల పొగా కలిసి టర్బోలోకి పోవాలంటే మధ్యలో ఆరు మూతులున్న ఇనుప గొట్టం ఒకటి కావాల. దాన్ని మ్యానిఫోల్డు అంటారు. ఆ కారుకు సరిపోయేది యాడా దొరకలేదు. అన్న బెంగుళూరు గుజరీలో తిరిగి తిరిగి, ఇంకో రకం కారుది, అదీ ఆరు సిలిండర్లదే, టర్బోతో సహా గోనెసంచిలో వేసుకొని బస్సులో తెచ్చినాడు. తెచ్చి ఇంజనుకు ఆనిస్తే ఒక్క మూతీ ఎదురుగా రాలేదు. ఇంజను మూతులు గుండ్రం, గొట్టానివి నలుచదరం. మూతికీ మూతికీ మధ్య ఎడం కూడా వేరే. బోల్టులకైతే అసలు పొంతనే లేదు. రెంటికీ మధ్యలో పొడుగాటి మందపాటి ఇనుప ప్లేటు ఒకటి పెట్టి, ఇటు ఇంజనుకూ అటు మ్యానిఫోల్డుకూ కుదిరేట్టు బెజ్జాలు వేస్తే తప్ప పని కాదు. అన్న ఆ ప్లేటు కోసం అట్టముక్కలు కోస్తా, ఇంజను మీద ఆనిస్తా, గీస్తా నెలల తరబడి గడిపినాడు. ఇంట్లో క్యాలెండర్ల అట్టలన్నీ దానికే అయిపోయినాయి.

నాయన ఇదంతా చూసీ చూడనట్టు ఉండేవాడు. ఒకరోజు మధ్యాన్నం అన్నం దగ్గర అన్న కడుపులో మాట బయటపెట్టినాడు. రోడ్డు వైపు షెడ్డు ఇస్తే గ్యారేజీ పెట్టుకుంటానన్నాడు.

"మన ఇండ్లల్లో ఎవరన్నా గ్రీసు చేతుల్తో గల్లాపెట్టె కాడ కూర్చున్నారేమిరా? నలుగురూ నవ్వరా?" అన్నాడు నాయన.

"నవ్వనీలే నాయనా."

"బండలు ఎవరు సూడాల?"

నాయన మజ్జిగ తాగి, లేచి, చెయ్యి కడుక్కొని వచ్చి నిలబడినాడు. "సరే ఇను. ఇంటిల్లిపాదీ నీ కారెక్కుతాం. డిక్కీ నిండా బండలు పెడతా. గిద్దలూరు ఘాటు నిలబడకుండా ఎక్కించు. ఎక్కిస్తే షెడ్డు నీది, నేను మల్ల నోరెత్తను. యాడన్నా నిలబడిందా, మర్నాడు పొద్దున కొట్లో కూర్చోవాల. ఆ మాట మీద ఇంగో మాట ఉండకూడదు."

"సరే," అన్నాడు అన్న. అంత తొందరగా ఒప్పుకున్నాడని నాకే భయమేసింది. అమ్మ మాత్రం, "కొండ మీద బండలేందయ్యా, మీ పాడుగాను," అని కంచాలు ఎత్తుకొని పోయింది.

ఖాదర్ మామ ప్లేటు కోసి, బెజ్జాలు వేసి ఇచ్చినాడు. అది గ్యాసుతో కోసిన ఇనుము, ఎత్తుపల్లాలుగా ఉంది. నాయన ఒక సాయంత్రం అటుగా పోతా పోతా నిలబడి, దాని మీద గోరు పెట్టి గీకినాడు. "ఏందిరా ఇది, పొలం దున్నినట్టు! ఇంజనుకు ఆనిస్తే పొగ ఆగుతాదా దీంట్లో? ఇట్లియ్యి," అన్నాడు. అంతే, ఆ ప్లేటు ఆయనదైపోయింది. ముందు పాలిష్ మిషను కింద పెట్టి గరుకు తీసినాడు. తర్వాత ఒక నున్నటి బండ మీద ఎమరీ పొడి చల్లుకొని, నీళ్లు పోసుకుంటా, రెండు అరచేతులూ ఆనించి రుద్దుడు మొదలుపెట్టినాడు. చొక్కా విప్పి, బనీను మీద. ఇంట్లో తాగిన గ్లాసు కూడా ఎత్తి పెట్టని మనిషి. పనోళ్లు పోయినాక రోజూ అదే పని. అన్న ఎదురుగా కూర్చొని మగ్గుతో నీళ్లు పోసేవాడు. వాళ్లిద్దరూ ఒక పని మీద ఎదురెదురుగా కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు. టీ తీసుకొనిపోయి, గ్లాసుల కోసమని సాకు పెట్టుకొని అక్కడే నిలబడేదాన్ని. పెద్దగా మాట్లాడుకునేవాళ్లు కాదు. "పోయ్," "చాలు," "ఇటు తిప్పు," అంతే. నాకు మాత్రం ఇంట్లో పండగున్నట్టు ఉండేది. చివరికి ఆ ప్లేటులో షెడ్డు రేకులు కనపడినాయి.

ఆ తర్వాత ఒకరోజు అన్న ఏదో సామాను కోసం కర్నూలు పోయినాడు. నేను షెడ్డు వెనక బట్టలు ఆరేస్తాన్నాను. లోపల ఖాదర్ మామ గొంతు వినపడింది.

"బాగా తీసినావప్పా శెట్టీ, అద్దం మాదిరి ఉండాది. ఇంగ దీన్ని మూడు ముక్కలు కోయాల."

"కోయాల్నా! ఎందుకు?"

"టర్బో కాడ ఇనుము ఎర్రగా కాలుతాది. కాలితే సాగుతాది. ఇంత పొడుగుది, సాగేదానికి జాగా లేకుంటే పగుల్తాది. రెండు మూతులకు ఒక ముక్క పెట్టి మద్దెలో సందు ఇడవాల. బెజ్జాలు కూడా కొంచెం లూజు చేయాల."

"సందు ఇడిచి పని చేసేది నా వల్ల కాదు ఖాదరూ," అన్నాడు.

"నీ ఇష్టం. చెప్పేది చెప్పినా," అని ఖాదర్ మామ పోయినాడు.

సాయంత్రం అన్న బస్సు దిగి వస్తానే నేను పూస గుచ్చినట్టు అంతా చెప్పినాను. అన్న చేతిలో సంచి కింద పెట్టినాడు. "నాకు తెలుసులే మే. నేను చూసుకుంటా, నువ్వు గమ్మునుండు," అన్నాడు. చూసుకుంటాడనే నేను అనుకున్నాను. రెండు దినాలకు చూస్తే ప్లేటు ఇంజనుకు బిగించి ఉంది. ఒకటే ముక్క. బోల్టులు బిర్రుగా ఉన్నాయి. నాయన మొండితనం ముందు అన్న ఏం చేయలేకపోయినాడని అప్పుడే నాకు రూఢి అయిపోయింది.

కార్తీక సోమవారం చూసుకొని బయలుదేరినాం. మహానందిలో దర్శనం చేసుకొని, గాజులపల్లె దాటి ఘాటు పట్టినాం. నాయన అన్నట్టే డిక్కీ నిండా బండలు. కారు వెనక భాగం కుంగి, ముందు ముక్కు ఆకాశం చూస్తాంది. నాయన ముందు సీట్లో కాళ్లు మడుచుకొని కూర్చున్నాడు. వెనక నేనూ అమ్మా, మా మధ్యలో చిత్రాన్నం క్యారియరు. మొదటి మలుపు తిరిగినాక సన్నగా ఈల మొదలైంది. "అదే టర్బో," అన్నాడు అన్న. ఈల పెరిగే కొద్దీ మమ్మల్ని ఎవరో వీపు పట్టి సీటుకు అదిమినట్టు అయింది. బండల లారీ ఒకటి మూలుగుతా ఎక్కుతాంటే దాన్ని చులాగ్గా దాటేసినాం. నాయన తల తిప్పి దాన్ని చూసి, "అబ్బా!" అన్నాడు. ఆయన నోట అట్లాంటి మాట నేను అంతకు ముందు వినలేదు. అన్న చెవులు ఎర్రబడినాయి. నాకు గట్టిగా అరవాలనిపించింది. అమ్మ కండ్లు మూసుకొని శివశివా అంటాంది.

సగం దాటినాక టక్కు టక్కుమని శబ్దం మొదలైంది. ఇంకో రెండు మలుపులు. పైన రోడ్డు వార గుడి జెండా కనపడింది. అప్పుడు బానెట్టు కింద దబ్బుమని పేలినట్టయింది, ఈల ఆగిపోయింది, కారు ట్రాక్టరు మాదిరి కొట్టుకుంటా పొగ కక్కింది. ఇంకొంత దూరం ఈడ్చుకొని పోయి మలుపులో నిలబడిపోయింది. మేం దాటి వచ్చిన లారీ మమ్మల్ని దాటి పోయింది. దాంట్లో క్లీనరు చెయ్యి ఊపినాడు.

అన్న బానెట్టు ఎత్తినాడు. ప్లేటు విల్లు మాదిరి వంగి, బోల్టులు తెగి, మ్యానిఫోల్డు నడిమధ్యలో నిలువునా పగిలింది. నాయన దిగి వచ్చి శానాసేపు చూసినాడు. అన్న మొహం కూడా చూసినాడు. "సరేలే రా," అన్నాడు. "సరే నాయనా," అన్నాడు అన్న. అంతే. ఎవరూ ఏడవలేదు, ఎవరూ తిట్టుకోలేదు. కల్వర్టు గోడ మీద అమ్మ విస్తరాకులు పరిచింది. చిత్రాన్నం తిన్నాం. ఊరగాయ తెచ్చినావా అని నాయన అడిగినాడు. తెచ్చినానని అమ్మ ఇచ్చింది. మర్నాడు పొద్దున అన్న కిరసనాయిలుతో గోర్లు కడుక్కొని, తలస్నానం చేసి, బొట్టు పెట్టుకొని కొట్లో కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు. కారు వెనక షెడ్డులో కొన్నాళ్లుండి ఎవరికో పోయింది. ఇంట్లో దాని మాట ఎవరూ ఎత్తలేదు. టీవీ పెట్టుకునేవాళ్లం, భోంచేసేవాళ్లం, పండుకునేవాళ్లం. ఏదో ఒకటి పగిలిన ఇల్లులాగే ఉండేది కాదు, అదే నాకు వింత.

ఇప్పుడు కొట్లో బండలు లేవు. అన్న టైల్సు షోరూం చేసినాడు. అద్దాల తలుపు, ఏసీ, మంచినీళ్ల మిషను. టైల్సు పరిచేటప్పుడు మధ్యలో ప్లాస్టిక్ ముక్కలు పెట్టి సందు కావాలనే వదులుతారు, తర్వాత రంగు పొడి నింపుతారు. అట్ల చేయకుంటే ఎండకు లేచిపోతాయంట. నాయన ఆఖరి రోజుల్లో దాన్ని చూసి మొహం తిప్పుకునేవాడు. ఇప్పటి పిల్లోళ్లు ఏ ఇంజనుకు ఏ మ్యానిఫోల్డు ఎట్లా పెట్టాలో ఫోనులో చూసి నేర్చుకుంటారు, తండ్రులను అడగరు, తండ్రులూ అడ్డం రారు. అది మంచిదే అయి ఉండాల. నేను పెండ్లయి కడపకు వచ్చినాక నాయనతో బాగున్నావా, తిన్నావా అనే రెండు మాటలకు మించి మాట్లాడలేదు. ఆయన పోయినప్పుడు మేనత్తలు నన్ను పట్టుకొని, "ఏడ్చు తల్లీ, మనసు తేలికైతాది," అన్నారు. నాకు మనసు బరువుగానే లేదు, ఏం తేలిక చేసుకోవాల? వచ్చినోళ్లకు టీలు అందించినాను.

సంవత్సరీకం అయిపోయి, అయ్యవారు పోయినాక అన్న షోరూం తెరిచినాడు. బస్సుకు టైముందని నేనూ పోయి కూర్చున్నాను. పొద్దున్నుంచి షెడ్డులో నమిలిందంతా నోటికి వచ్చేసింది. "నాయన కావాలనే కదన్నా ఆ ప్లేటు కోయంది? నిన్ను ఈడ కూర్చోబెట్టేదానికే," అన్నాను.

అన్న నా వైపు తిరిగినాడు. "ఎవరు చెప్పినారు నీకు?"

"ఖాదర్ మామ చెప్పింది నేను ఇన్నా. నీకూ చెప్పినా కదా."

"మర్నాడే నాయన నా కాడికి వచ్చినాడు మే. ప్లేటు మీద సుద్దముక్కతో రెండు గీతలు గీసుకొచ్చినాడు. 'ఆయప్ప కోయమంటాండాడు. నాకు ఇనుము సంగతి తెలీదు, పని నీది. నువ్వు ఊ అంటే ఇప్పుడే కోపిచ్చుకొస్తా' అన్యాడు."

"నువ్వేమన్యావు?"

"గీతలు తుడిచేసినా. శానా బాగుండాది నాయనా, అట్లే బిగిద్దాం అన్యా."

"పగుల్తాదని తెలీదా నీకు?"

"తెలుసు. ఘాటు వరకన్నా తట్టుకుంటాదేమో అనుకున్యా." అన్న బల్ల మీద టైలు ముక్క ఒకటి జరిపినాడు. "పుట్టి బుద్ధెరిగినాక నా పని మీద ఆయన చెయ్యి పెట్టింది అదొక్క తూరే. కోయమని నోరెట్లా వస్తాది?"

ఇన్నేండ్లు మోసిన కోపం, ఒక్కసారిగా యాడ పెట్టాలో తెలీలేదు.

"ఇంగోటి ఉండాది," అన్నాడు అన్న. "ఘాటు నుంచి వచ్చినాక కొన్ని దినాలకు, అమ్మకు నంద్యాల అని చెప్పి నాయన బెంగుళూరు పోయినాడు. గుజరీలో యెతికి ఇంగో మ్యానిఫోల్డు తెచ్చినాడు. ప్లేటు మల్ల చేయించినాడు. ఈ తూరి తనే మూడు ముక్కలు కోపిచ్చినాడు, సందు ఇడిచి. ఈడనే, కొట్లో, నా ముందర పెట్టి, 'ఆ పొద్దు చెప్పిన మాట తీసి అవతల పారేయ్‌రా, ఇది బిగించు' అన్యాడు."

"మరి?"

"నాకేమీ అనిపియ్యలే మే. సంతోసమూ లే, కోపమూ లే. ఎవరో బండలకు వచ్చినారు, వాళ్లకు రేటు చెప్తాండా. 'వద్దులే నాయనా, ఈడ బాగానే ఉండాది' అన్యా. శానాసేపు నిలబడినాడు. నిలబడి నిలబడి, ఆ మూడు ముక్కలూ ఎత్తి పంచెలో ఏసుకొని పోయినాడు. నేను తలెత్తి సూడలే. రేటు చెప్తానే ఉన్యా."